డ్రైవరు వెనక సీటు

మా నాయన బస్సు కండక్టరు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, రిటైరయ్యే దాకా దాదాపు అదే రూటు. అమ్మ ఆళ్లగడ్డ బడిలో టీచరు. రోజూ పొద్దున ఆయన బస్సులోనే వెళ్లేది. మొగుడు కండక్టరైతే పెళ్లానికి సీటుకేం కొదవ అని మా వీధిలో అందరూ అనుకునేవాళ్లు. అసలు సంగతి ఇంట్లో వాళ్లకే తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమె నిలబడే ప్రయాణం చేసింది.

మా వైపు బస్సులో సీటు కావాలంటే ఎక్కితే చాలదు, ముందు తువ్వాలు వేయాలి. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే జనం వెంట పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలో చేతిసంచో సీటు మీదికి విసురుతారు. అది పడిందంటే రిజిస్ట్రేషను అయిపోయినట్టే. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకునే వాళ్లు కూడా ఇంకొకరి తువ్వాలును పక్కకు తోసి కూర్చోరు. అమ్మకు మాత్రం ఆ హక్కు లేదు. "కండక్టరు పెండ్లామే తువ్వాల ఏస్తే జనాలు నా మొగాన ఉమ్మేస్తారు" అనేవాడు నాయన. నేను కడుపులో ఉన్నప్పుడు ఎవరో పెద్దమనిషి లేచి తన సీటు ఇస్తే, నాయన ఆయనకు దండం పెట్టి మళ్లీ కూర్చోబెట్టి, నిలబడి ఉన్న అమ్మకు టికెట్టు కొట్టాడట. ఆ నిజాయితీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఈ మధ్య ఆళ్లగడ్డలో, విగ్రహాలు చెక్కే షెడ్లు దాటాక, పాత బస్సుల మ్యూజియం పెట్టారని తెలిసింది. ఒకప్పుడు బస్సులకు బాడీలు కట్టినాయన, ఎక్కడెక్కడో తుప్పు పడుతున్న బండ్లను ఏరుకొచ్చి, బాగుచేసి, తన షెడ్డులోనే వరసగా నిలబెట్టాడు. ఆదివారం పూట అందులో ఒక బస్సును స్టార్టు చేసి, వచ్చిన వాళ్లను ఎక్కించుకుని, ఆవరణ చుట్టూ ఒక్క రౌండు తిప్పుతారట. ఆ మాట చెవిన పడగానే అమ్మ బట్టలు మడతపెట్టడం ఆపేసింది.

"నేను పోవల్ల. డ్రైవరెనక కిటికీ సీట్లో కూచ్చోని ఒక్క తూరి తిరగల్ల" అంది.

"జనం ఎక్కువుంటే?" అన్నాను.

"సీటు దొరక్కుంటే ఎక్కను. మోకాళ్లు ఇంగ నిలబడనియ్యవు."

ఆదివారం ముగ్గురం వెళ్లాం. ఉలి దెబ్బలు షెడ్డు లోపలికి కూడా వినబడుతున్నాయి. గుమ్మంలోనే ఒక ట్రాము పెట్టె ఉంది. మద్రాసు వీధుల్లో పట్టాల మీద నడిచిందని ఓనరు చెప్పాడు. నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి పెదవి విరిచాడు.

"ఏందప్పా ఇది? ఎద్దు అడ్డమొస్తే పక్కకు తియ్యలేదు, సందులోకి తిరగలేదు. ఇదీ ఒక బండేనా?"

"అచ్చం నీ మాదిరే ఉండాది. చచ్చినా పట్టాలు దిగదు" అంది అమ్మ.

ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయన కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. ఆ తర్వాత ఆయన్ని పట్టుకోవడం మా తరం కాలేదు. చెక్క బెంచీలున్న బస్సును తట్టి చూశాడు. రబ్బరు హారను ఒత్తి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. చివర్న ఉన్న ఎర్ర బస్సును చూడగానే ఆగిపోయాడు. ఆయన పనిచేసిన బస్సు కాదది, కానీ అదే రకం, అవే కమ్మీలు, తలుపు పక్కన అదే గంట తాడు. దాన్ని ఒక్కసారి లాగి, ఆ మోత విని, కళ్లు తుడుచుకున్నాడు. రౌండు తిప్పేది ఆ బస్సునే.

అమ్మ గోడవారన ఉన్న స్టూలు మీద కూర్చుని డ్రైవరు వెనక కిటికీనే చూస్తోంది. బస్సు ఖాళీగానే ఉంది. మెల్లగా ఎక్కిద్దామని నేను చేయి అందించబోయేసరికి బయట వ్యాను ఆగింది. పాణ్యం పక్క పల్లె వాళ్లు, పాతికమంది దాకా ఉంటారు. ఊరి గుడికి విగ్రహం తీసుకుపోవడానికి వచ్చారు. దానికింకా నునుపు పెట్టే పని మిగిలి ఉందని చెబితే, ఈలోగా మ్యూజియం చూద్దామని వచ్చారు. ఓనరు ఇంజను స్టార్టు చేయగానే అందరూ తలుపు మీద పడ్డారు.

పాత అలవాటు పోతుందా? నాయన తలుపు దగ్గర నిలబడి, "లోపలికి జరగండప్పా, దారి ఇయ్యండి" అని వాళ్లను ఎక్కించడం మొదలుపెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాయనా! నీ పెండ్లాము ఈడుండాది!" అని అరిచాను.

నాయన తల తిప్పాడు. అమ్మ స్టూలు మీద నుంచి లేచి, మళ్లీ కూర్చుంది. "పోనీలే పాపా. వచ్చే ఆదివారం వద్దాంలే" అంది. నాయన ఆమె వైపు చూశాడు, ఎక్కుతున్న జనం వైపు చూశాడు. తలుపు వదిలేసి, బస్సు ముందు నుంచి చుట్టి, డ్రైవరు వైపుకు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను చూసి ఎన్నేళ్లయిందో. పరుగెత్తుతూనే భుజం మీద తువ్వాలు తీసి కిటికీలోకి విసిరాడు.

అది కమ్మీకి తగిలి ఆయన నెత్తి మీదే పడింది.

వేలకొద్దీ తువ్వాళ్లు పడడం చూసిన మనిషికి వేయడం మాత్రం రాదు. రెండోసారి వేస్తే గాలికి విచ్చుకుని కిందికి జారింది. లోపల బొద్దుగా ఉన్న ఒకాయన ఆ సీటు వైపే వస్తున్నాడు. అమ్మ మోకాళ్ల సంగతి మరిచిపోయి కిటికీ కిందికి వచ్చేసింది.

"ముడి ఏసి బిన్నా ఇసురు! బరువుంటేనే పోతాది!"

నాయన ముడి వేసి విసిరాడు. తువ్వాలు వెళ్లి సీటు నడిమధ్యన పడింది. లోపల బొద్దాయన వంగిన నడుము వంగినట్టే ఆగి, వెనక వాళ్లతో అన్నాడు: "ఈడ కాదు, ఎవురో తువ్వాల ఏసినారు. యెనక్కి పోండి."

యాడికీ పోని బస్సులో, ఆవరణ చుట్టూ తిరిగే ఒక్క రౌండుకు, ఆ తువ్వాలుకు అంత మర్యాద ఇచ్చిన ఆ మనిషికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

అమ్మను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు కదిలింది. నాయన పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కాస్త జరిగింది.

"కూచ్చో."

"నిలబడతాలే. అలవాటే గదా."

"అలవాటు నాకు గూడా ఉన్నింది."

నాయన కూర్చున్నాడు. ఒకే సీటులో పక్కపక్కన వాళ్లిద్దరినీ చూడడం నాకు అదే మొదటిసారి. బస్సు గోడ చివర మలుపు తిరుగుతుంటే ఆయన నెమ్మదిగా అన్నాడు.

"అన్నేండ్లు నిన్ను నిలబెట్టినా."

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "ఊ. కాళ్లు శానా నొచ్చేవి" అంది.

"తెలుసు. దినామూ చూస్తానే ఉంటిని."

అమ్మ అప్పుడు ఆయన వైపు తిరిగి, ఆయన నెత్తి మీద నిక్కిన వెంట్రుకలు సర్ది, పకపకా నవ్వింది. "తువ్వాల ఎయ్యడం గూడా రాదు నీకు! నేనుంటి కాబట్టి సరిపాయ!"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బస్సు ఆగింది. పల్లె వాళ్లందరూ దిగి విగ్రహం దగ్గరికి వెళ్లిపోయారు. వీళ్లిద్దరూ లేవలేదు. ఓనరు డ్రైవరు సీటులోంచి వెనక్కి తిరిగి, ఏం చేయమంటావన్నట్టు నా వైపు చూశాడు.

"ఇంగో రౌండు తిప్పన్నా" అన్నాను.