పాలను దేనితో విరిచారు?

కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది, ఏప్రిల్ మొదటివారంలో, నేను పనిచేసే ఫ్రెంచి రెస్టారెంటులో చీజ్ ట్రాలీ బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను అక్కడ కెప్టెన్‌ని. భోజనశాలలో అందరికన్నా కింది ఉద్యోగి కమీ. వంటగది నుంచి పళ్ళేలు తెచ్చి పక్కబల్ల మీద పెట్టడం వరకే అతని పని. అతని పైన వడ్డించేవాళ్ళు, వాళ్ళ పైన కొన్ని బల్లల బాగోగులు చూసుకునే కెప్టెన్, అందరి మీదా మేనేజరు. కాకినాడలో పుట్టి, హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చిన నాకు ఆ హోదా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. పోయిన సంవత్సరం రిటైరయ్యాను. టోవా పాయో పేటలో మా అపార్టుమెంటు బ్లాక్ కింద కాఫీకి కూర్చున్నప్పుడు తెలిసినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, అంత ఖరీదైన చోట చీజ్‌ని ప్రత్యేకంగా ఏం చేస్తారని.

భోజనంలో ముఖ్యమైన వంటకం తిన్నాక, తీపి వడ్డించే ముందు చీజ్ వంతు వస్తుంది. చక్రాల బండి మీద పది పన్నెండు రకాలు అమర్చి, గాజుమూత పెట్టి, బల్ల దగ్గరికి తోసుకెళతాం. అతిథి చూసి మూడో నాలుగో ఎంచుకుంటారు. చల్లగా ఉంటే చీజ్ రుచి తెలియదు కనుక కాస్త ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచాలి. సింగపూర్ ఉక్కకి మరీ ముందు తీస్తే చెమట పట్టి జారిపోతుంది. ఒక్కో రకానికి ఒక్కో కత్తి. ప్రతి ముక్కలోనూ పై తొక్క, లోపలి మెత్తన రెండూ వచ్చేలా కోయాలి. పళ్ళెంలో తేలికపాటి రుచితో మొదలుపెట్టి, నీలిచారల ఘాటు చీజ్‌తో ముగిసేలా గుండ్రంగా పేర్చి, ఆ వరుసలోనే తినమని చెప్పాలి. మొదట ఘాటైనది తింటే నాలుకకి తర్వాతివి ఏవీ తెలియవు.

నేను ట్రాలీ తీసుకున్న కొద్దిరోజులకే ఒక శనివారం మధ్యాహ్నం భోజనానికి శ్రీకాంత్ అనే ఆయన బల్ల బుక్ చేశారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగి. ఆఫీసు విందులన్నీ మా దగ్గరే ఏర్పాటు చేసేవారు. ఈసారి మాత్రం ఇంటివాళ్ళని తెస్తున్నారు. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు పాల డెయిరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారట. శిక్షణ రోజుల్లో పుస్తకంలో చూసిన ఫ్రెంచి చీజుల గురించి ఆవిడ తరచూ చెప్పేవారట, ఏనాడూ రుచి చూడలేదట. ఆ ముచ్చట తీర్చాలని అల్లుడి కోరిక. ఆవిడ శాకాహారి. మిగతా వంటకాలన్నీ అందుకు తగ్గట్టే కుదిర్చాం.

భోజనానికి ముందురోజు ఆయన ఫోన్ చేసి, నేను తెలుగుదాన్నని తెలిసి నాతోనే మాట్లాడారు.

"మేడమ్, మీరే సర్వ్ చేయండి. అంతా బాగా ఎక్స్‌ప్లెయిన్ చేయండి. ఆ రెన్నెట్ టాపిక్ మాత్రం తేవద్దు, ప్లీజ్. తెలిస్తే ముట్టుకోరు."

రెన్నెట్ అంటే పాలు తాగే దూడ కడుపులోంచి తీసే పదార్థం. పాతపద్ధతి యూరప్ చీజుల్లో చాలావాటికి పాలను విరిచేది అదే. దూడని కోస్తేగానీ అది దొరకదు.

వడ్డన మొదలయ్యే ముందు సిబ్బందిని నిలబెట్టి ఆ పూట వివరాలు చెప్పడాన్ని మేం బ్రీఫింగ్ అంటాం. శనివారం అది ముగిశాక మేనేజరుకి ఈ సంగతి చెప్పాను. అడక్కుండా ఉపన్యాసం ఇవ్వవద్దు, అడిగితే దాచవద్దు అన్నాడాయన. అలర్జీ అయినా, ఆచారమైనా అదే మా దగ్గరి నియమం. నాకు అది సరిపోయినట్టు అనిపించలేదు. ట్రాలీ మీద దూడతో పని లేనివి రెండున్నాయి. ఒకటి పోర్చుగల్ నుంచి వచ్చే గొర్రెపాల చీజ్, దానికి ఒక ముళ్ళమొక్క పువ్వు నానబెట్టిన నీళ్ళతో పాలను విరుస్తారు. రెండోది శాకాహారులకని చేసిన ఇంగ్లండ్ చీజ్. ఆవిడకి ఆ రెండే పెడితే ఎవరి మాటా పోదని లెక్క వేసుకున్నాను.

వాళ్ళు నలుగురు వచ్చారు: శ్రీకాంత్ గారు, భార్య మాధవి, పదకొండేళ్ళ కూతురు, అత్తగారు రాజ్యలక్ష్మి గారు. నేను తెలుగులో పలకరించగానే ఆవిడ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగి, కాకినాడ అనగానే నన్ను "అమ్మాయ్" అనేశారు. భోజనం సాఫీగా సాగింది. ట్రాలీ మూత తీశాక పాప ముక్కు మూసుకుని, సింగపూర్ పిల్లల యాసలో, "అమ్మమ్మా, దిస్ వన్ స్మెల్స్ లైక్ మై పీఈ షూస్ లా!" అంది. బడిలో ఆటలకి వేసుకునే బూట్ల వాసనట. అందరూ నవ్వారు.

నేను ఆ రెండు రకాల దగ్గరే కత్తి పెట్టాను. ఇంతలో శ్రీకాంత్ గారు పెద్ద చక్రంలా ఉన్న కొండప్రాంతపు చీజ్‌నీ, నీలిచారలదాన్నీ చూపించి, "అవి కూడా పెట్టండి అత్తయ్యగారికి. ఆ బుక్‌లో ఉన్నవి అవే" అన్నారు.

నేను కోయకుండా ఆగాను. రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"అమ్మాయ్, వీటికి పాలు దేంతో విరుస్తారు? మా దగ్గర ఫంగస్ నుంచి తీసింది వాడతారు. ఇక్కడా అంతేనా?"

శ్రీకాంత్ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఆడించారు. ఆ బల్ల దగ్గరున్నవాళ్ళకి తప్ప గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు. నేను ఏం చెప్పినా మేనేజరుకి అర్థం కాదు. శ్రీకాంత్ గారు అలిగితే ఆ కోపం పడేది నా మీదే, ట్రాలీ చేతికొచ్చి పదిరోజులు కూడా కాలేదు. చేతిలో కత్తి బల్ల మీద పెట్టి చెప్పాను. "కాదండీ. ఈ రెండూ తప్ప మిగతావన్నీ దూడ రెన్నెట్‌తో చేసినవే."

ఆవిడ అల్లుడి వైపు తిరిగారు.

"మీకు తెలుసా బాబూ?"

"తెలుసండీ" అన్నారాయన. మొహం కందిపోయింది. "చెప్తే అసలు రానంటారేమోనని..."

"నేనేమంటానో నన్నడిగితే కదా తెలిసేది? వచ్చేదాన్ని. అవి వద్దనేదాన్ని, అంతే."

కోపంగా అనలేదు. మాధవి ఏదో అనబోతే చేత్తో ఆపి, నాతో, "ఆ రెండూ పెట్టమ్మా నాకు. మిగతావి వాళ్ళు తింటారు. నాకు ఒక్కోటీ దగ్గరగా చూపించు, వాసన చూస్తాను" అన్నారు.

పోర్చుగల్ చీజ్‌కి పైభాగం మూతలా కోసి, లోపలి మెత్తనిదాన్ని చెంచాతో తీసి పెట్టాలి. ఆవిడ రొట్టె పక్కనపెట్టి ఉత్తదే నోట్లో వేసుకున్నారు. "కొంచెం చేదుంది చివర్లో. పువ్వుదే అయ్యుంటుంది" అన్నారు. ఇంకో చెంచా అడిగి పెట్టించుకున్నారు. తర్వాత మిగతా రకాలన్నీ చిన్న పళ్ళెంలో ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ పాలు, ఎన్నాళ్ళు నిలవ, పై తొక్కను ఉప్పునీళ్ళతో కడిగారా అని అడుగుతూ పోయారు. నేను చెబుతుంటే మనవరాలికి మళ్ళీ చెప్పారు. పాప ముక్కు మీంచి చెయ్యి తీసేసి, నీలిచారలదే ఇంకో ముక్క కావాలంది. మామూలుగా పావుగంటలో అయ్యే పని చాలాసేపు సాగింది. మేనేజరు రెండుసార్లు అటుగా వచ్చి, ఆ బల్ల దగ్గర నవ్వులు విని వెనక్కి వెళ్ళిపోయాడు.

టాక్సీ కోసం నిలబడ్డప్పుడు శ్రీకాంత్ గారు నా దగ్గరికి వచ్చారు. ఫిర్యాదు మాట వస్తుందనుకున్నాను. "మీరు చెప్పినప్పుడు చాలా కోపమొచ్చింది మేడమ్" అన్నారు. "ఇప్పుడు లేదు. ఆవిడ ఇంత ఇష్టంగా మాట్లాడి చాలా రోజులైంది." తర్వాత కూడా ఆఫీసు విందులు మా దగ్గరికే తెచ్చారు. వచ్చిన ప్రతిసారీ, శాకాహారులు ఉంటే ముందుగా తనే వాళ్ళని అడిగి నాకు చెప్పేవారు.

ఆ వారం నుంచి ట్రాలీలో ఒక వైపు దూడ రెన్నెట్ లేని రకాలు విడిగా పెట్టడం మొదలుపెట్టాను. శాకాహారులు కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ అడక్కముందే ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పాలని నా కింద పనిచేసేవాళ్ళకి నేర్పాను. మేనేజరు అభ్యంతరం చెప్పలేదు. సంగతి తెలిశాక కొందరు వద్దంటారు, కొందరు ఫరవాలేదంటారు. అతిథి తరఫున ఆ నిర్ణయం ముందే చేసేయడం విందు ఇచ్చేవారి పనీ కాదు, వడ్డించేవారి పనీ కాదు. దేనితో చేశారో చెప్పడం, చక్కగా కోసి పెట్టడం, ఈ రెండే కెప్టెన్ పనులు.