చక్రవర్తిగారి విరిగిన అట్టు

పోయిన ఆదివారం మా మేనకోడలు నన్ను హూడి నుంచి వైట్‌ఫీల్డ్‌లో కొత్తగా తెరిచిన ఒక కేఫ్‌కు తీసుకువెళ్ళింది. బయట ముసురు. తనే ఏదో చెప్పి తెప్పించింది. చిన్న ఇనుప పెనంలో మందపాటి అట్టు ముక్కలు, పైన చక్కెర పొడి, పక్కన ప్లమ్ పండ్ల గుజ్జు, రెండు ఫోర్కులు. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టినట్టు కనపడకుండా కిటికీ వైపు తిరిగాను.

నాలుగేళ్ళ కిందట మా అక్కతో ఆస్ట్రియా వెళ్ళాను. అక్క బొమ్మనహళ్ళిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైంది. మా ఇంటి ఆడపడుచు అలాంటి చోట పనిచేయడమేమిటని ఒకప్పుడు ఆరు నెలలు ఆమెతో మాట్లాడని మనిషిని నేను. తన కూతురికి, అంటే ఈ మేనకోడలికి, సెలవు దొరకక అక్క నన్ను రమ్మంది. ఆడమనిషిని ఒంటరిగా పంపలేక తోడు వెళ్తున్నానని బంధువులందరికీ చెప్పాను. టికెట్లు కొన్నది ఆమె.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. మగవాళ్ళు తిని చేతులు కడుక్కున్నాకే ఆడవాళ్ళు విస్తళ్ళు వేసుకునేవారు. అరవై ఏళ్ళు దాటినా అక్క ఒక్కసారి కూడా నా పక్కన కూర్చుని తినలేదు. తాతగారి వెండి కంచం పోయింది, ఇల్లూ పోయింది, వాటితోపాటే పోవలసిన నియమం మాత్రం నా దగ్గర మిగిలింది. విమానంలో కూడా నా ట్రే తీసేదాకా అక్క తన ట్రే మూత తెరవలేదు. నేను తెరవమనలేదు.

వియన్నాలో దిగాక మాత్రం ఆమెకు చిన్నపిల్లల సరదా పుట్టింది. సూపులో దోసె తునకల్లాంటివి తేలుతుంటే నవ్వింది. ఆపిల్ ముక్కలు పొరల్లో చుట్టి కాల్చిన స్ట్రూడెల్ కొరికి, బొబ్బట్టుతో పోలుస్తూ, "ఇది మన ఓళిగనే అబ్బీ. పప్పు దొరక్క ఆపిల్ పెట్టుకున్నారు పాపం" అంది. మూడో రోజు మధ్యాహ్నం మాతో వచ్చిన తెలుగు టూరు వాళ్ళందరి మధ్య ఈ అట్టు వచ్చింది. ఇద్దరికీ ఒకే పెనం. అక్క రెండో ఫోర్కు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అంది: "ఇంత దూరం వచ్చినాము. ఈడ మనల్ని ఎరిగినోళ్ళు ఎవురుండారు? ఒక్క తూరి నాతో కూడా తినరా."

తినేవాడినేమో. ఇంతలో గైడు ఆ అట్టు కథ ఎత్తుకున్నాడు. పూర్వం చక్రవర్తికి వేసిన అట్టు విరిగిపోతే, వంటవాడు దాన్ని ముక్కలు చేసి చక్కెర చల్లి పెట్టాడట, అప్పటినుంచి దానికి చక్రవర్తి పేరేనట. అక్క పకపకా నవ్వింది. "విరిగిపోయినా పేరు మాత్రం రాజుగారిదే! అచ్చం మన ఇల్లు మాదిరే ఉండాది కదరా" అంది. బల్ల చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. నేను ఫోర్కు కింద పెట్టి, "నాకు ఎంగిలి అలవాటు లేదు" అన్నాను. అందరికీ వినిపించేలాగే అన్నాను.

నవ్వు ఆగిపోయింది. అక్క తన ఫోర్కు అందుకుంది. పెనం మధ్యలో ఫోర్కుతో సన్నగా గీత గీసి, తన వైపు సగం మాత్రమే, నెమ్మదిగా, తలెత్తకుండా తింది. నా వైపు సగం అలాగే ఉంది. వెయిటరు వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మిగిలిన ప్రయాణమంతా నేను తిన్నాకే తింది. తిరిగొచ్చిన రెండో ఏడు పోయింది. ఆస్పత్రిలో చివరి వారం నేను గంజి తీసుకువెళ్తే, "నువ్వు తిన్నావా?" అని అడిగాకే నోరు తెరిచేది.

"చల్లారిపోతా ఉండాది మామా" అంది మేనకోడలు, నోట్లో ముక్క పెట్టుకుంటూనే. "ఆ పొద్దు నువ్వు తినలేదంట కదా. బాగుంటుంది, వాడికి ఎట్లైనా తినిపించు అని అమ్మ చెప్పేది."

ఆ పిల్ల ఫోర్కు తగిలిన పెనంలోంచే ఒక ముక్క తీసుకున్నాను. మెత్తగా, కాస్త పాల వాసనతో, నిజంగానే బాగుంది. అట్టు మళ్ళీ వేయించుకోవచ్చు. ఇంటి మగవాడు తిని లేచేదాకా ఆగడం మా అక్కకు తెలుసు. కాలానికి ఆ అలవాటు లేదు.