అక్క తాగిన కషాయం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు బోర్డు లేని గోడ ఉండేది కాదు. మేముండే సందులోనూ అంతే. మా పై వాటాలో అద్దెకుండే అక్క కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మైకు పట్టుకుని రెండొందల మందికి పాఠం చెప్పేది. నా ఆరో తరగతి అయిన వేసవిలో సాయంత్రం పూట మా సందు పిల్లలందరినీ డాబా మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు కథల పుస్తకాలు చదివి వినిపించేది. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజులు డెమో, ఊరికే వినొచ్చు. "మనది ఎండాకాలమంతా డెమోనే" అని నవ్వేది.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆరో తరగతిలో ఒకరోజు నిలబడి ఇంగ్లీషు పాఠం చదువుతూ ఒక మాట తప్పు పలికితే క్లాసంతా పగలబడి నవ్వింది. అప్పటినుంచి పుస్తకం పట్టుకుని లేచి నిలబడితే నోరు పెగిలేది కాదు. కళ్ళతో గడగడా చదివేసేదాన్ని, పైకి ఒక్క మాట వచ్చేది కాదు. డాబా మీద కూడా ఒక మూల కూర్చుని నోరు విప్పేదాన్ని కాదు, అక్క అది గమనిస్తూనే ఉండేది. సెలవుల తర్వాత క్లాసులో చదివి వినిపించాలి, లేకపోతే మళ్ళీ ఆరో తరగతే అని బడిలో చెప్పి పంపారు. నా కన్నా చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవడం తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

మే నెల చివర్లో ఒక సాయంత్రం అక్క మెడకు చున్నీ చుట్టుకుని వచ్చింది. రోడ్డు మీద పంచే కోర్సు కరపత్రం వెనక్కి తిప్పి, "గొంతు పోయింది. పెద్దదానివి, నువ్వు చదువు" అని రాసి చూపించింది. ఇన్‌స్టిట్యూట్‌లో కూడా కూర్చుని పేపర్లు దిద్దుతున్నానని రాసింది. రోజూ మైకులో అరిచే మనిషి, ఎవరికి అనుమానం వస్తుంది? నేను తల అడ్డంగా ఊపాను. పిల్లలు ఊరుకుంటారా! పడవ మునిగి దీవిలో చిక్కుకున్న పిల్ల కథ ముందురోజే మొదలైంది. ఆ పిల్ల ఏమైందో వాళ్ళకు కావాలి. సరేనని గొణిగాను. "అక్కా, జర గట్టిగ చదువరాదే, వినొస్తలేదు!" అని వెనక నుంచి ఒక బుడ్డది కేకేసింది. నేను తప్పు పలికినా వాళ్ళకు తెలియదు, తెలిసినా పట్టదు. ఇంగ్లీషులో ఒక పేరా చదవడం, మన మాటల్లో చెప్పడం. అలా రోజుకో నాలుగు పేజీలు నడిచింది.

ఇక్కడ మా నాయనమ్మ సంగతి చెప్పాలి. అక్క గొంతు పోయిందని తెలియగానే కరక్కాయ, మిరియాలు, శొంఠి, వేపాకు వేసి కషాయం కాచింది. ఆ వాసనకే మా నాన్న వీధిలోకి వెళ్ళిపోయేవాడు. నాయనమ్మ రోజూ డాబా మీదికి గ్లాసు పట్టుకొచ్చి, అక్క తాగేదాకా ఎదురుగా నిలబడేది. అక్క కళ్ళు మూసుకుని గుటకేసేది.

తొమ్మిదో రోజు పొద్దున నాయనమ్మ కషాయం ఫ్లాస్కులో పోసి ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చి రమ్మంది. మెట్లు సగం ఎక్కానో లేదో, పైనుంచి అక్క గొంతు! మైకులో ఖంగుమని పాఠం చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను పిల్లల ముందు నిలబెట్టి తమాషా చూసిందా అనిపించింది. ఫ్లాస్కుతో అలాగే వెనక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రం డాబా ఎక్కలేదు. కాసేపటికి పిల్లలంతా మా గుమ్మం ముందు గుంపు కట్టారు. ఆ రోజుతో కథ అయిపోతుంది, దీవిలో పిల్ల ఇల్లు చేరిందో లేదో తెలియాలి. "చదివేది నువ్వే కద అక్కా, నువ్వు రాకుంటె ఎట్ల?" అంది బుడ్డది. వాళ్ళ మీద కోపం చూపించలేక వెళ్ళాను. ఆఖరి పేజీలు అక్క మీది కోపంతో ఎంత గట్టిగా చదివానంటే, కింద బట్టలు ఇస్త్రీ చేసే ఆయన కూడా తలెత్తి చూశాడు.

పిల్లలు వెళ్ళాక ఫ్లాస్కు అక్క ముందు పెట్టి, "తాగు. గొంతు పోయింది గద!" అన్నాను. అక్క నా ముఖం చూసింది. గ్లాసులో పోసుకుని చుక్క మిగల్చకుండా తాగింది. అప్పుడు నోరు విప్పింది.

"ఏంటి, వినేశావా? నేను చదవడం మొదలెడితే నువ్వు మళ్ళీ మూలకెళ్ళి కూర్చుంటావని భయమేసిందే. అందుకే తొమ్మిది రోజులు ఈ విషం తాగాను."

నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో నన్ను తిట్టినవాళ్ళున్నారు, నాకోసం దేవుడికి మొక్కినవాళ్ళున్నారు. అంత చేదు మింగినవాళ్ళు లేరు. కిందికొచ్చి నాయనమ్మకు చెబితే ఆమె తాపీగా వక్క నములుతూ, "నాకు రెండో దినమే తెల్సు. స్నానం చేసుకుంట పాట పాడుతుంటె విన్న. దొంగ గొంతుకు చేదు జర ఎక్కువుండాలెనని యాపాకు సుత రెండింతలేసిన" అంది.

బడి తెరిచాక క్లాసులో నిలబడి చదివాను. మధ్యలో ఒక మాట తప్పు పోయింది, ఎవరో కిసుక్కున నవ్వారు. ఆగి, దిద్దుకుని, ముందుకు పోయాను. ఏడో తరగతిలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు పంజాగుట్టలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద సెలవుల్లో పిల్లలకు నేనూ కథలు చదువుతాను. మూల కూర్చుని నోరు విప్పని పిల్ల కనిపిస్తే మర్నాటికి నా గొంతు పోతుంది. మొన్న అలాంటి పాపే ఒకతి, వాళ్ళమ్మ కాచిందంటూ రెండు చేతులతో కషాయం గ్లాసు తెచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడింది. ఆ చేదు అంతా ఇంతా కాదు. అక్క తొమ్మిది రోజులు తాగింది. నేను కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసి, పుస్తకం ఆ పాప చేతిలో పెట్టాను.