ఖాళీ చేయమన్న కాగితంలో తప్పులు

మా బావ జ్వరమొచ్చినా ఓర్చుకుంటాడు గానీ, ఎదుటివాళ్ళ ఇంగ్లీషులో తప్పొస్తే ఓర్చుకోలేడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని ఆయనది. పొద్దంతా దిద్ది ఇంటికొచ్చాకైనా ఊరుకుంటాడా అంటే, అదీ లేదు. పెళ్ళికి పిలవడానికొచ్చినవాళ్ళ ముందే కార్డు దిద్ది చేతికిచ్చాడు. వాళ్ళు దాన్ని పట్టుకుని అటునుంచటే పోయారు.

ఆ జబ్బు వల్లే రెండిళ్ళు చేజారాయి. ఇంటి ఓనర్లని దిద్దితే సామాను వీధిలో ఉండక ఎక్కడుంటుంది? మా అక్క బట్టలు కుడుతుంది. ఇల్లు మారినప్పుడల్లా కుట్టించుకునేవాళ్ళు ఇంకో మిషను దగ్గర తేలేవాళ్ళు. ఈ మూడో ఇంట్లో వీధివైపు గది, పెద్ద కిటికీ. గిరాకీ ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. అందుకే చేరిన రోజే బావకి చెప్పేసింది.

"ఓనరుగారు ఏమన్నా 'అలాగేనండీ' అనండి. ఇంకో ముక్క అన్నారో, ఈసారి ఇంటితోపాటు మిమ్మల్నీ మార్చేస్తాను!"

మేడమీదుండే ఆ ఓనరుగారు మామూలప్పుడు మంచివాడే. కోపమొస్తేనే ఇంగ్లీషు పూనుతుంది. మన భాషలో తిడితే మర్యాదగా ఉండదని ఆయన నమ్మకం.

ఓ ఆదివారం నేను అక్క దగ్గర కూర్చుని గుండీలు కుడుతున్నాను. మేడ మెట్లు దడదడలాడాయి. మావాళ్ళు ఆరేసిన దుప్పటి నీళ్ళు ఆయన కొత్త స్కూటరు మీద కారుతున్నాయట.

"ఐ యామ్ టెల్ యూ ఎస్టర్‌డే! యూ ఆర్ నాట్ లిజన్!"

బావ పెదాలు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. అక్క కళ్ళతోనే బెదిరిస్తోంది. ఎంతసేపని ఆపుకుంటాడు పాపం, తుమ్ములాంటిది కదా!

"టోల్డ్" అనేశాడు.

"ఏంటీ?"

"నిన్న చెప్పారు కదండీ. ఐ టోల్డ్ యూ."

ఓనరుగారి మొహం కందగడ్డయింది. "యూ ఆర్ వెకేట్ మై హౌస్!"

"అందులో 'ఆర్' అక్కర్లేదండీ."

"అక్కా, మిషను కట్టెయ్యడానికి తాళ్ళు తెమ్మంటావా?" అన్నాను.

ఓనరుగారు వేలు చూపించి, "యూ... వెకేట్..." అంటూ ఆగాడు. "ఇప్పుడు సరిగ్గా వస్తోందా?"

"వస్తోందండీ. ఇంకాస్త గట్టిగా."

"యూ వెకేట్ మై హౌస్!"

"భేష్!"

ఆయన మొహం వెలిగిపోయింది. అదే మాట మేడమీదికి అరిచి భార్యకి వినిపించాడు.

"నేనేం చేశానని ఖాళీ చెయ్యమంటున్నారు?" అంది ఆవిడ పైనుంచి.

సాయంత్రం మళ్ళీ దిగాడు. చేతిలో, ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క ఫుల్‌స్టాపు లేదు. ఊపిరి తీసుకోకుండా తిట్టినట్టుంది.

"ఇది మీకివ్వడం ఖాయం. కానీ తప్పులతో ఇస్తే పరువు పోతుంది. కాస్త దిద్దిపెట్టండి, శుభ్రంగా రాసి ఇస్తాను" అన్నాడు.

బావకి ఆకలిగా ఉన్నప్పుడు విస్తరేసినట్టయింది. ఆత్రంగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. అక్క ఓనరుగారికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, బావ చెవి దగ్గరికి వంగింది.

"ఏమండీ, అన్నీ ఇవాళే దిద్దకండి. రోజుకో తప్పు చాలు."

బావ గిలగిల్లాడిపోయాడు. తప్పుని కళ్ళెదుట పెట్టుకుని రేపటిదాకా ఆగడమంటే మాటలా? అక్క మొహం చూశాడు, మిషను చూశాడు. మొదటి వాక్యం చివర చుక్క ఒక్కటి పెట్టి, "మిగతాది రేపు చూద్దామండీ" అన్నాడు. ఆ మాట అనేసరికి పాపం చెమటలు పట్టేశాయి.

ఓనరుగారు ఇప్పటికీ రోజూ సాయంత్రం కాగితంతో దిగుతూనే ఉన్నాడు. పోయినవారం ఆయనింటి కర్టెన్లన్నీ మా అక్కే కుట్టింది.