కళ్లంలో ఫుట్‌బాల్

కనకమామిడి దారిలో ఓ ఫామ్‌హౌస్ గోడ వెనక ప్లాస్టిక్ గడ్డి పరిచి ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు. ఎండకు ఆ గడ్డి కాలిన రబ్బరు చెప్పులా వాసనేస్తుంది. అటుగా వెళ్లి లోపల ఈల విన్నప్పుడల్లా, ఇంత వయసొచ్చినా, గోల్ ముందు నేల ఎలా ఉందోనని గేటు సందులోంచి తొంగిచూస్తాను.

ఏడో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని. బడి కూడా ఊపిరి పీల్చుకునే ఉంటుంది. కానీ ఆ చివరి ఏడు ఒక్కరోజూ మానలేదు, అదీ దానియేలు సారు కోసం. కుర్రతనంలో పట్నం జట్లలో ఆడి, మా మిషన్ బడిలో ఆటల సారుగా చేరిన ఆయన, ఖోఖో దాటని మా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. జొన్న కోతలైపోయి ఊరి పెద్ద కళ్లం ఖాళీ అయ్యాక, చొప్ప వాసనా, ఉడికే అనపకాయల వాసనా కలిసిన చలికాలపు సాయంత్రాల్లో, మోకాళ్లు గీసుకుపోయేదాకా ఉరికేవాళ్లం. మా అవ్వ మాత్రం, "ఎడ్లు తిరిగినకాడ మీరెందుకు తిరుగుతున్రే?" అని మూతి తిప్పేది.

చేవెళ్ల జట్టుతో ఓడితే ఆట ఎత్తేస్తామనీ, సారు కొలువు వదిలి ఇంటిదారి పట్టాల్సిందేననీ బడి పెద్దసారు చెప్పాడని తెలిసింది. ఆనాటి నుంచి నాకు అన్నం సహించలేదు. అనపకాయలు మాత్రం దిగేవి.

ఆట రోజు తెల్లారుతుండగానే, చుట్టాలొస్తే వాకిలి అలికినట్టు, సారు పరువు నిలవాలని, కళ్లంలో ఒక వైపు గోల్ ముందు దుమ్మంతా దొరికిన పెండతో చిక్కగా అలికాను. ఎండకు ఆరుతుందనుకున్నా. మబ్బు పట్టింది. మొదటి సగంలో ఆ వైపు చేవెళ్ల వాళ్లది. వాళ్ల గోల్‌కీపర్ జారితే మేం గోల్ కొట్టాం. నేను పడీపడీ నవ్వాను. సగం ఆటయ్యాక వైపులు మారతాయన్న సంగతి, మా జట్టు గోల్‌కీపర్నైన నాకే తట్టలేదు.

రెండుసార్లు జారాను. రెండు గోల్స్ పోయాయి.

ఎవరు అలికారని పెద్దసారు వరుసగా అందరినీ నిలదీశాడు. నా వంతు వచ్చింది. వెనక నుంచి దానియేలు సారు అన్నారు: "నేనే అలికిన."

నెల తిరగకుండా ఆయన వెళ్లిపోయారు. మళ్లీ ఎక్కడా ఆట నేర్పలేదట. చివరికి చందనవెల్లిలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేశారని విన్నాను. నేను బడి మానేశాను.

మొన్న మొయినాబాద్ దవాఖానలో, మోకాలు పట్టుకుని వరుసలో కూర్చుని కనిపించారు. పక్కన నిలబడి ముందు మోకాలి సంగతి అడిగాను. చివరికి, "సారూ, ఆ పెండ అలికింది నేనే," అన్నాను.

"తెల్సు బిడ్డా. జర ఇటు కూసో," అన్నారు. "నువ్వు అలకకున్నా ఓడేటోళ్లమే."

ఓడేవాళ్లం కాదు. ఆ ఏడు అంతకుముందు ఒక్క ఆటా ఓడలేదు. ఇప్పుడా కళ్లం ప్లాట్లయింది, జొన్న వేసేవాళ్లు లేరు, నాతో ఆడినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆయన మాత్రం, అన్నేళ్ల తర్వాత, నా కోసం రెండో అబద్ధం చెప్పారు.