పట్టాల మీద వేసిన తొవ్వ

ఉద్యోగం దొరికేలోపు చేసే పనులన్నీ ఉద్యోగం కన్నా గొప్పగా కనిపించే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో నేను రోడ్లు వేసేవాణ్ని. పొడవు మూరెడు, వెడల్పు రెండు వేళ్లు. గరుకు కాగితం కత్తిరించి, జిగురు పూసి, పైన బొగ్గుపొడి చల్లితే తారు రోడ్డు తయారు. గనిలో ఇంజను నడుపుతూ కాలు నలిగి ఇంటికి చేరిన మా మేనమామ, గోదావరి ఒడ్డు బొగ్గు కాలనీలోని తన క్వార్టరు ముందుగదిలో పెద్ద చెక్కబల్ల వేసి, దాని మీద బొమ్మ రైలు నడిపేవాడు. (అత్తమ్మ బియ్యం డబ్బా కోసం బల్ల కింద నుంచి వంగి వెళ్లేది, తిట్టుకుంటూ.) పట్టాలు ఆయన శాఖ, వీధులు నా శాఖ. ఎండాకాలంలో జిగురు విడిచి నా రోడ్లు అప్పడాల్లా పైకి లేచేవి. వాటిని మళ్లీ అతికించేవాణ్ని. మిగతా సమయంలో ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. "అల్లుడా, నీ వార్తలకన్న నీ రోడ్లే నయం. ఏడాదికొక్కపారన్న మరమ్మతు చేస్తవు" అనేవాడు మామ.

ఆ బల్ల సంగతి విని, బొగ్గు రవాణాకు కొత్త లైను వేస్తున్న కంపెనీ సర్వేయరు మా ఇంటికి వచ్చాడు. చెన్నూరు వైపు ఒక ఊరికీ, పక్కనున్న వాగుకూ మధ్య నుంచి లైను పోవాలి. ఊరివాళ్లు సంతకాలు పెట్టడం లేదు. గ్రామసభలో బొమ్మ చూపిస్తే నమ్ముతారని ఆయన ఆశ. నాలుగు రోజులు కూర్చుని ఆ ఊరి వీధులన్నీ వేశాను. నా రోడ్లను నలుగురూ చూడబోతున్నారని పొంగిపోయి, ఫొటోతో వార్త పంపుతానని ఆఫీసుకు ఫోన్ కూడా చేశాను.

బడి వరండాలో బల్ల పెట్టాం. జనం ఎవరిల్లు వాళ్లు వెతుక్కుని మురిశారు. "గిది మా గల్లీ రా! మురికినీళ్ల మోరీ ఏది?" అన్నాడొకడు. "మోరీ బెడితె మన ఊరని గుర్తువడుతరని తీసేసిండ్రు" అన్నాడు పక్కవాడు. ఊరంతా బీడీల అవ్వ అని పిలిచే ముసలామె మాత్రం నవ్వకుండా బల్ల చుట్టూ తిరిగింది. ఒక అగ్గిపుల్ల తీసి ఊరి నడుమ పడుకోబెట్టింది. "గిది నేను సారూ. సచ్చిపోయిన. నన్ను వాగొడ్డుకు ఎట్ల తీస్కపోతరు?" పుల్లను వేలితో జరుపుతూ వచ్చి పట్టాల దగ్గర ఆపింది. ఊరి శ్మశానం, బొందలగడ్డ, పట్టాలకు అవతల ఉంది. నా వీధులన్నీ ఇవతలే ఆగిపోయాయి.

"జర ఓపిక పట్టవ్వా, గేటు వస్తది" అన్నాడు సర్వేయరు. "ఏది మరి? నాకైతె కనవడ్తలేదు" అంది అవ్వ. సర్వేయరు నా వైపు చూశాడు. నేను సంచిలోంచి కాగితం తీసి, కత్తిరించి, పట్టాల మీదుగా వాగు దాకా తొవ్వ అతికించాను. రెండు నిమిషాలు పట్టలేదు. అన్ని చప్పట్లు మళ్లీ నా జీవితంలో వినలేదు. అవ్వ అగ్గిపుల్లను దాని మీద అటూ ఇటూ నడిపించి, "గిట్లుంటె ఫికర్ లేదు" అంది.

మామ అలవాటుగా మీట నొక్కాడు. ఇంజను వచ్చి నా తొవ్వకు తగిలి బర్రెలా పక్కకు ఒరిగింది. "తొవ్వుంటె బండి నడువది, బండి నడిస్తె తొవ్వుండది" అన్నాడు మామ, గట్టిగానే. "బొమ్మ కాబట్టి పడ్డది పెద్దాయనా" అని సర్వేయరు నవ్వాడు. అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువగా నేను. బండి ఆపేశాం, సంతకాలు మొదలయ్యాయి. అవ్వ వేలిముద్ర వేసింది.

తర్వాత ఫొటో. ఆగిన రైలు ఫొటో ఏం బాగుంటుంది? సర్వేయరు అడగలేదు, నాకే తోచింది. బ్లేడు తీసి తొవ్వను గీకేశాను. రైలు చక్కగా తిరిగింది. వెనక అవ్వ, సిరా అంటిన బొటనవేలిని గోడకు రుద్దుతూ చూస్తోంది. "అప్పుడే తీసేస్తివా కొడుకా?" "ఫొటో కోసమే అవ్వా, మళ్ల అతికిస్త." "యాది మర్వకు."

మరిచాను. ఫొటో అచ్చయింది. లైను పడింది. గేటు రాలేదు.

కొన్నేళ్లకు అవ్వ పోయిందని తెలిసి వెళ్లాను. పట్టాల మీద బొగ్గు బండి ఆగి ఉంది. ఎప్పుడు కదులుతుందో చెప్పేవాళ్లు లేరు. దింపుడు కళ్లం దగ్గర ఒకసారి దించిన పాడెను అక్కడ మళ్లీ దించారు. "రెండుసార్లు దింపిచ్చుకున్నది, గీ అవ్వ నసీబే నసీబు" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు. అందరూ నవ్వారు. చివరికి వ్యాగన్ల కింద నుంచి పాడెను నేల మీద జరిపారు. అవతల అందుకోవడానికి ఒక మనిషి తక్కువైతే, నోట్‌బుక్ జేబులో పెట్టుకుని నేనూ కింద దూరాను.

ఆ సాయంత్రం గేటు లేని లైను మీద పెద్ద వార్త రాశాను. నిర్లక్ష్యం, ఆవేదన, ఇచ్చి తప్పిన మాట, ఏదీ వదల్లేదు. బల్ల మీద తొవ్వ వేసిందెవరో, గీకిందెవరో మాత్రం రాయలేదు. ఇప్పుడు ఆ పాత పేపరు కత్తిరింపు తీసి చదివితే, రాసిన కుర్రాడి మీద కోపం రాదు, చిన్నగా నవ్వొస్తుంది. వాడి కోపమంతా నిజమే. బాధ్యుల పేర్లలో ఒక్కటే తక్కువైంది. అదీ ఆ పేజీలోనే ఉంది, వార్త కింద, లావుపాటి అక్షరాల్లో.