వెయిటింగ్ హాల్లో లెక్కల టీచరు

తొంభైల చివర్లో కుప్పంలోని ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. బి.ఇడి. ఉంది, ఉద్యోగం ఉంది. ఒంటరి ఆడదాన్నని ఇల్లు మాత్రం ఎవరూ అద్దెకివ్వలేదు. రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే పడుకునేదాన్ని.

ఒక ఉదయం అక్కడ తల దువ్వుకుంటుంటే, "టీచర్! ఏ ఊరికి పోతాండారు?" అంటూ నా ఆరో తరగతి పాప పరుగెత్తుకొచ్చింది. వెనకే వాళ్ళమ్మ. "మగతోడు లేకుంటే ఇల్లియ్యము" అని వారం క్రితం నన్ను గుమ్మంలోంచే పంపేసిన ఇంటావిడ!

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆవిడ కళ్ళలోకే చూస్తూ, "యాడికీ పొయ్యేది లేదు పాపా. ఇల్లు దొరికేదాకా నేనుండేది ఈడే" అన్నాను గట్టిగా.

ఆ రోజు సాయంత్రం స్కూలు వదిలాక ఆ పాప నా చేతిలో తాళంచెవి పెట్టి, "మాయమ్మ ఇమ్మనింది టీచర్" అంది.

చదువూ ఉద్యోగమూ ఇప్పించలేని ఇంటిని, సిగ్గు విడిచి చెప్పిన ఆ ఒక్క మాట ఇప్పించింది.